ఖాదరప్ప తాత చెవిలో చెప్పిన మాట

మౌలాలికి ఒకటే దిగులు. తాత ఆ మాట చెప్పకుండానే కన్ను మూస్తాడేమోనని.

తాత అంటే సొంత తాత కాదు. ఖాదరప్ప తాత కొండకింద దర్గాలో గురువు. దూదేకుల మనిషి. బతుకంతా పగలు పరుపులకు దూది ఏకాడు, సాయంత్రమైతే దర్గా అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళ కష్టసుఖాలు విన్నాడు. సాయిబులూ వచ్చేవాళ్ళు, కాపులూ వచ్చేవాళ్ళు, అందరికీ ఆయన తాతే.

ఆ దర్గాలో ఒక ఆచారం ఉంది. గురువు పోయే ముందు ఒక్క శిష్యుడిని దగ్గరికి పిలిచి చెవిలో ఒక మాట చెప్తాడు. ఆ మాట అందినవాడే తరవాత గద్దె మీద కూర్చుంటాడు. సాక్షులుండరు, పంచాయితీ ఉండదు. విన్నవాడు ఆ మాట బయట పెట్టడు. మరి నీకెట్లా తెలిసిందయ్యా అని మీరు అడుగుతారు. దాసరి ఓబులేసు అని ఒకాయన ఉన్నాడు, ఆయన నోరు ఊరుకునే నోరు కాదు. అదీ సంగతి.

మౌలాలి పెళ్ళికి ముందే తాత దగ్గర చేరాడు. ఇప్పుడు తల సగం నెరిసింది. తాత బట్టలు ఉతికేది మౌలాలి, వేణ్ణీళ్ళు కాచేది మౌలాలి, ఉరుసు వస్తే సమాధికి గంధం మోసేది మౌలాలి. ఎవరైనా "తాత తరవాత నువ్వే గదప్పా" అంటే "అబ్బే, మనదేముంది" అనేవాడు. అనేటప్పుడు మొహం మాత్రం వెలిగిపోయేది.

దూది నూగు పీల్చి పీల్చి తాత ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. టౌనుకు తీసుకుపోయి మిషను ఆసుపత్రిలో ముసలివాళ్ళ వార్డులో చేర్చారు. మూతికి ఆక్సిజను మాస్కు తగిలించారు.

"పెద్దాయన చేత ఎక్కువ మాట్లాడించొద్దు. ఒక్కో మాటకూ ఆయన ఊపిరి తరిగిపోతుంది" అన్నాడు డాక్టరు.

మౌలాలి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇంకెన్ని మాటలున్నాయో ఆ గొంతులో! అందులో ఒకటి తనది. అది వచ్చేదాకా మిగతావి ఖర్చు కాకుండా చూసుకోవాలి. ఎవరైనా పలకరించడానికి వస్తే గుమ్మంలోనే ఆపి పంపించేవాడు.

అట్లాంటి చోటికి, పక్క మంచం మీదికి, దాసరి ఓబులేసు దాపురించాడు.

మా పక్క ఓబులేసును ఎరగని వాళ్ళు లేరు. నిలువు నామం, చేతిలో జేగంట, భుజాన శంఖం. తిరుమల శనివారాలొస్తే ఇల్లిల్లూ తిరిగి గోవింద పలికించేవాడు. ఏ ఇంట పెద్దలు పోయినా పాడె ముందర ఆయన శంఖం ఊదాల్సిందే. అట్లాంటి మనిషికి ఈ వయసులో మూత్రం బిగిసిపోయింది. పైపు వేసి, మంచం కమ్మికి సంచి తగిలించారు.

కొడుకు మంచివాడు. పూటపూటకూ క్యారియరు తెచ్చి దగ్గరుండి తినిపించేవాడు. నామాల పెట్టె, చేతి అద్దం కూడా తెచ్చి పెట్టాడు. ఓబులేసు వాటిని చూసి మొహం తిప్పుకున్నాడు. "తీసకపో" అన్నాడు. అంతే, నుదురు బోడిగా పెట్టుకుని పడుకున్నాడు.

ఒక పొద్దున ఆయనే మొదట పలకరించాడు.

"ఏం సాయిబూ, నిద్ర పట్టలేదా?"

తాత మాస్కు తియ్యకుండానే లేదన్నట్టు తల ఊపాడు.

"నాకూ పట్టలే. మీ అల్లుడు పట్టనిస్తే గదా!"

మా సీమలో ఇది మామూలు మాటే. బీబీ నాంచారమ్మ సాయిబుల ఇంటి ఆడబిడ్డ కాబట్టి ఏడుకొండలవాడు వాళ్ళకు అల్లుడు. ఆ వరసన ఎగతాళి చేసుకోవడం మాకు పుట్టుకతో అలవాటు. తాత కళ్ళు నవ్వాయి. ఓబులేసు నవ్వలేదు.

"నవ్వబాక సాయిబూ. స్నానం చేసి, నామం పెట్టి, అప్పుడు గదా నేను ఆ పేరు పలికేది? చిన్నప్పటినుంచీ ఒక్క పూట తప్పలే. ఇప్పుడు చూడు ఈ సంచి. ఇరవై నాలుగ్గంటలూ మైలే. ఈ ఒంటితో ఆయన పేరెట్ల ఎత్తేది? నోరు రాలేదు. ఆసుపత్రికి వచ్చినకాడినుంచి ఒక్కసారి గూడా అనలేదు నేను."

సంచి కనపడకుండా దుప్పటి లాగాడు. మళ్ళీ అందుకున్నాడు.

"ఎంతమందిని శంకు ఊది సాగనంపినానో! రేపు నేను పోతే, నోట్లో పేరు లేకుండా, మొగాన నామం లేకుండా పోతే, వీడెవడో నాకు తెలీదంటాడేమో ఆయన. అంటే నేనేం చేసేది చెప్పు."

తాత మాస్కు పక్కకు లాగాడు. మౌలాలి స్టూలు ముందుకు జరుపుకున్నాడు. వద్దు తాతా అని చెయ్యి పట్టుకోబోయాడు.

"తిట్టు" అన్నాడు తాత.

"ఏమన్నావు?"

"ఆయన్ను తిట్టు. తిట్టేదానికి స్నానమేంటికి?"

మాస్కు మళ్ళీ పెట్టుకున్నాడు.

ఓబులేసు నోరు తెరుచుకుని చూశాడు. మొదట చిన్నగా మొదలుపెట్టాడు, ఎవరైనా వింటారేమోనని. తరవాత్తరవాత ఊపందుకున్నాడు. నాయనా, ఆ తిట్లు! "ఏడు కొండలెక్కి కూర్చుంటే కింద ఎవడు చస్తాండాడో కనపడదా నీకు? నీ కొండకు నడిచి నడిచి మోకాళ్ళు అరగ్గొట్టుకుంటిని. ఇప్పుడు మూత్రం గూడా నా స్వాధీనంలో లేకుండా చేస్తివి. సిగ్గుండాల నీకు! పెండ్లాలిద్దరుండి ఒక్కతన్నా చెప్పలేదా నీకు?"

వార్డులో ముసలివాళ్ళు కొందరు చెవులు మూసుకున్నారు, కొందరు రిక్కించారు. తాత పక్కకు ఒత్తిగిలి ఓబులేసు వైపు తిరిగి పడుకుని అదంతా విన్నాడు. మధ్యమధ్య నవ్వొచ్చి దగ్గు తెరలు. నవ్వినప్పుడల్లా మాస్కుకు ఆవిరి పట్టేది.

ఆనాటినుంచి రోజూ ఇదే తంతు. పొద్దున కాఫీ తాగడం ఆలస్యం, దాసరి అందుకునేవాడు. తాత ఆయన వైపే తిరిగి పడుకునేవాడు. మౌలాలి స్టూలు అవతలి పక్కనుంది. పొద్దస్తమానం అతనికి కనిపించేది తాత వీపే.

చెప్పొద్దూ, మౌలాలికి కడుపు మండిపోయింది.

అతను ఇంటినుంచి రాగిజావ కాచి తెచ్చేవాడు. తాత రెండు గుక్కలు తాగి, గ్లాసు దాసరికిమ్మని సైగ చేసేవాడు. ఓబులేసు మీసాలు తుడుచుకుంటూ "ఉప్పు తక్కువైందబ్బీ" అనేవాడు. అనడా మరి! దాసరికి రాత్రి దుప్పటి చాలకపోతే తాత తన శాలువా తీసి ఇమ్మన్నాడు. ఆ శాలువా ఉరుసుకు మౌలాలి కొనిచ్చింది. చేతికి చెయ్యి అందేంత దూరంలో మంచాలుండేవి. తిట్టి తిట్టి దాసరికి ఏడుపొస్తే, తాత చెయ్యి చాపి ఆ ముసలాయన వేళ్ళు పట్టుకునేవాడు.

ఇన్నేళ్ళలో తాత తన వేళ్ళు ఎప్పుడైనా పట్టుకున్నాడా? మౌలాలి గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. రాలేదు. నేనేం తక్కువ చేశాను? ఒక్క పూట సేవ తప్పానా? నిన్నగాక మొన్న వచ్చినవాడు, దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేవాడు, వాడు ఎక్కువైపోయాడా? ఈ కుళ్ళుతో అతనికి అన్నం సయించలేదు. దాసరి గురక విన్నా మంటే, దాసరి కొడుకు క్యారియరు చప్పుడు విన్నా మంటే. ఆ మూత్రం సంచి మీద కూడా అతనికి కోపమే, అది లేకపోతే ఈయన ఇక్కడికి వచ్చేవాడే కాదు గదా అని.

ఒకరోజు తాతను చక్రాల కుర్చీలో ఎక్స్‌రేకు తీసుకుపోయారు. మౌలాలి వెంట వెళ్ళలేదు. నర్సు సలోమి సిస్టరు దగ్గరికి వెళ్ళాడు.

"సిస్టరమ్మా, ఆ దాసరాయన అరుపులకు తాతకు నిద్ర ఉండట్లేదు. దగ్గు గూడా ఎక్కువైంది."

"అవునా? తాత నాతో ఏమీ అనలేదే?"

"ఆయన అనడమ్మా. చచ్చిపోతాన్నా గూడా ఒకరి మీద చెప్పే మనిషి కాదు."

సలోమి నమ్మింది. దేవుడి మనిషి పక్కన ఉండేవాడు అబద్ధమెందుకు చెప్తాడు? ఓబులేసు మంచాన్ని వరండా చివర గదిలోకి తోయించింది. ఆ గదిలో ఇంకో మంచం లేదు. పోయేటప్పుడు ఓబులేసు "ఏందమ్మా, నేనేం చేసినా? సాయిబుకు చెప్పి పోతానుండు" అన్నాడు. మౌలాలి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

తాతను తెచ్చి పడుకోబెట్టారు. ఆయన ఖాళీ చోటు చూశాడు. అడక్క ముందే మౌలాలి చెప్పేశాడు.

"ఆయనకు నయమైందంట తాతా. ఇంటికి పంపినారు."

తాత మౌలాలిని కాసేపు చూసి కళ్ళు మూసుకున్నాడు.

ఇంక అడ్డం లేదు. మౌలాలి తన స్టూలు తీసి దాసరి మంచం ఉన్న పక్కకు వేసుకున్నాడు. ఇప్పుడు తాత మొహం నాకే కనిపిస్తుంది అనుకున్నాడు. సాయంత్రానికి తాత మెల్లగా, ఆయాసపడుతూ, అవతలికి ఒత్తిగిలి గోడ వైపు తిరిగాడు. మళ్ళీ వీపే.

మరునాడూ అంతే. జావ ఇస్తే ముట్టుకున్నాడు, తాగలేదు. సైగ లేదు, నవ్వు లేదు. మాస్కుకు ఆవిరి పట్టలేదు. వార్డంతా చప్పుడు లేకుండా ఉంది. కావాలనుకున్నదంతా మౌలాలికి దొరికింది. అయినా లోపల మంట చల్లారలేదు. అంత దూరాన గదిలో ఉన్నవాడి మీద ఇంకా కుళ్ళుకుంటూనే ఉన్నాడు, పిచ్చివాడు.

తరవాతి పొద్దున తాత ఆయాసం పెరిగింది. డాక్టరు వచ్చి చూసి, మాస్కు గాలి పెంచి వెళ్ళిపోయాడు. కాసేపటికి తాత మౌలాలి వైపు తిరిగాడు. వేలితో దగ్గరికి రమ్మన్నాడు. తరవాత తన చెవి తాకి చూపించాడు.

మౌలాలి స్టూలు మీదినుంచి లేచాడు. వచ్చేసింది! తల గుడ్డ విప్పాడు. భుజం మీది తువ్వాలుతో చెవి తుడుచుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని చెవిని తాత నోటి దగ్గరికి తెచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు.

తాత మాస్కు తీశాడు. ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఓబులేసు యాడుండాడు?"

మౌలాలి చెవి తియ్యలేదు. ఇంకేమైనా వస్తుందేమోనని ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. తల ఎత్తి చూస్తే తాత అతని మొహంలోకే చూస్తున్నాడు. కోపం లేదు ఆ చూపులో. నిజంగా తెలియక అడిగినట్టే ఉంది, జవాబు కోసం చూస్తున్నట్టే ఉంది.

మౌలాలి లేచి మాస్కు సరిచేశాడు. వరండా వెంట నడిచాడు. నడుస్తున్నవాడు పరుగెత్తాడు.

చివరి గదిలో ఓబులేసు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కొడుకు తెచ్చిన క్యారియరు మూత తీయకుండా బల్ల మీద ఉంది. తిట్లు లేవు. ఆ నోటినుంచి తిట్టు కూడా ఆగిపోయిందంటే మౌలాలికి భయమేసింది.

"దాసరి మామా."

మౌలాలి మంచం దగ్గరికి జరిగాడు.

"తాత అడుగుతాండాడు నిన్ను."

ఓబులేసు భుజం కదిలింది. "ఏమని?"

"నువ్వు యాడుండావని. ఉండే ఊపిరంతా పెట్టి అడిగినాడు. నాతో ఇంకో మాట ఆడలేదు."

ముసలాయన ఇటు తిరిగాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "నేను తిట్టే తిట్లు వినలేక ఆయనే పంపించేసినాడనుకుంటి. దేవుడూ వద్దనె, సాయిబూ వద్దనె అనుకుంటి."

"ఆయన కాదు మామా. నేను." మౌలాలి మంచం కమ్మి పట్టుకున్నాడు. "నేనే సిస్టరుకు అబద్ధం చెప్పి నిన్ను ఈడికి తోయించినా. తాతకేమో నువ్వు ఇంటికి పోయినావని చెప్పినా."

"ఏంటికబ్బీ? నేను నీకేం చేసినా?"

"కుళ్ళు."

"ఎవరి మీద?"

"నీ మీదే."

ఓబులేసు మోచేతి మీద లేచాడు. మౌలాలిని కిందికీ పైకీ చూశాడు. తరవాత మంచం కమ్మికి వేలాడుతున్న సంచి చూశాడు. మళ్ళీ మౌలాలిని చూశాడు.

"నా మీదా! ఈ సంచి మీదా కుళ్ళుకుంటివి?"

"అవును మామా. తాత నీ చెయ్యి పట్టుకున్నాడు. నీతో మాట్లాడినాడు. నాతో మాట్లాడలేదు."

"ఆయన యాడ మాట్లాడినాడురా? మాట్లాడినోణ్ణి నేను. ఆయన విన్నాడంతే." ఓబులేసు గడ్డం గోక్కున్నాడు. పెదాల చివర ఏదో కదిలింది. "ఒరే, ఇంగొకసారి చెప్పు. నిజంగా నా మీద కుళ్ళా?"

"అన్నం గూడా సయించలేదు."

దాసరి నవ్వాడు. మొదట గుర్రుమన్నట్టు, తరవాత పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఎవరికీ పనికిరాకుండా పోతినని నేను ఏడుస్తాంటే, నన్ను చూసి ఓర్చుకోలేనోడు గూడా ఉండాడే ఈ లోకంలో!" తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో మౌలాలికి తెలియలేదు. ఏం చెయ్యాలో తోచక ఆయన వేళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

సలోమి సిస్టరు దగ్గరికి పోయి నిజం చెప్పాడు. ఆమె చెడామడా తిట్టింది. "నిన్ను చూసి మంచోడివనుకున్నాను గదయ్యా!" అంది. తిట్టి తిట్టి మంచం బ్రేకు తనే తీసింది. మౌలాలి సంచిని జాగ్రత్తగా ఎత్తి, పైపు మడత పడకుండా పట్టుకున్నాడు. అతని చేతికి అది వెచ్చగా తగిలింది. ఇంకో చేత్తో మంచం తోశాడు.

వార్డు గుమ్మం దగ్గర చక్రం గడపకు తగిలి మంచం ఎగిరిపడింది.

"గోవిందా!" అన్నాడు ఓబులేసు.

అనేసి టక్కున నోరు మూసుకున్నాడు. మౌలాలి చేతిలోని సంచి వైపు చూశాడు. పైకప్పు వైపు చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకోసారి, ఎవరికీ వినపడకుండా, పెదాలు కదిపాడు.

తాత వీళ్ళ వైపే తిరిగి ఉన్నాడు. మంచం పాత చోటులో పెట్టగానే ఓబులేసు గొంతెత్తాడు.

"సాయిబూ! విన్నావా? నీ శిష్యునికి నా మీద కుళ్ళంట! అన్నం గూడా తినలేదంట! ఆ గొప్ప నాది!"

తాత మాస్కుకు ఆవిరి పట్టింది. భుజాలు ఊగాయి. దగ్గొచ్చింది, సలోమి వచ్చి ఇద్దరినీ కసిరింది. అయినా నవ్వు ఆగలేదు.

మౌలాలి స్టూలు వేసుకోలేదు. రెండు మంచాల మధ్య నేల మీద కూర్చున్నాడు. చివరి గదిలోంచి అన్నం క్యారియరు తెచ్చి విప్పి దాసరికి పెట్టాడు. తాతకు చెంచాతో జావ పట్టాడు. ఈసారి తాత తాగాడు. గద్దె సంగతి ఇంక అడగకూడదనుకున్నాడు మౌలాలి. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? చేసిన పనికి అది దక్కదు. దక్కకపోవడమే న్యాయం అనుకున్నాడు, అయినా ఏడుపొచ్చింది.

తాత చెయ్యి కిందికి దిగి అతని నెరిసిన తల మీద ఆగింది.

"ఏంటికి ఏడుస్తావు?"

"ఆ మాటకు నేను తగనులే తాతా. ఇంకెవరికన్నా ఇయ్యి."

తాత మాస్కు పక్కకు తీశాడు. ఓబులేసు తినడం ఆపి చెవి రిక్కించాడు.

"ఇస్తి గదరా పొద్దున, నీ చెవిలో." ఊపిరి కోసం ఆగాడు. "మా గురువు నా చెవిలో చెప్పింది గూడా అదే మాట. పేరొక్కటే వేరు."